గోడ దగ్గర ఆగిపోయిన కొండ

ఆ అమ్మాయి కుర్చీలో అతను కూర్చున్నాడు. అదొక్కటే అయితే క్షమించేదేమో. ఆమె కొండని కూడా మానిటర్ మీద పరుచుకుని కూర్చున్నాడు.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. కొండంతా రంగులే. చిన్నపిల్లల పుట్టినరోజు కేకు మీద కూడా ఎవరూ అన్ని రంగులు పులమరు.

బూట్ల నిండా బురదతో, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగుతో ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఎవరండీ మీరు?"

"కొత్తగా చేరాను." అతను తల తిప్పలేదు. "ఒక్క నిమిషం. మెష్ అవుతోంది."

"అది నా కొండ."

"కాదండీ, ప్రాజెక్టు కొండ. పొద్దున్నే సార్ నాకిచ్చారు."

"కొండని ఇచ్చేశారా? ఎందులో, పెన్ డ్రైవ్‌లోనా?"

"మెయిల్లో."

ముందు ఈ ఆఫీసు సంగతి చెప్పాలి. కొండవాలు నిలబడుతుందా, జారుతుందా అని కంప్యూటర్లో లెక్కకట్టి రిపోర్టు ఇవ్వడం వీళ్ళ పని. నిలబడుతుందని రాస్తే క్లయింటు మళ్ళీ వస్తాడు. జారుతుందని రాస్తే పక్క ఆఫీసుకి పోతాడు. అందుకే ఈ ఆఫీసు రిపోర్టుల్లో కొండలన్నీ బహు బుద్ధిమంతులు.

లెక్క పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మట్టికి పట్టుకుని ఉండే బలం ఎంత, దాన్ని కిందికి తోసే బరువు ఎంత. మొదటిదాన్ని రెండోదానితో భాగించు. ఒకటి దాటితే కొండ నిలబడుతుంది, ఒకటి లోపుంటే కిందికొస్తుంది. వానాకాలానికి ఒకటి పాయింట్ మూడు అయినా ఉండాలని రూలు. ఆ ఒక్క అంకె కోసమే ఇన్ని కుర్చీలు, ఇన్ని ఏసీలు.

ఆమెది పాత పద్ధతి. కొండ లోపల గుండ్రటి జారుడు గీత ఒకటి ఊహించుకుని, దాని పైనున్న మట్టిని నిలువుగా ముక్కలు కోసి, ముక్కముక్కకీ లెక్క వేస్తుంది. అలా వందల గీతలు గీసి, అన్నిట్లోకి బలహీనమైనదాన్ని పట్టుకుంటుంది. ఆఫీసులో ఆమెకు ముక్కల మేడమ్ అని పేరు. వెనకాల మాత్రమే. ఎదురుగా అనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

అతనిది కొత్త పద్ధతి. గీతలు ఊహించడు. కొండ మొత్తం మీద చిన్న చిన్న గడుల వల, అంటే మెష్, పరిచి, మట్టి బలాన్ని కంప్యూటర్లో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతాడు. "ఎక్కడ తెగాలో కొండే చెబుతుందండీ, మనం కాచుకుని కూర్చోవాలంతే" అంటాడు. సాయంత్రానికల్లా అతనికీ పేరొచ్చేసింది. వలరాజు. అది మన్మథుడి పేరే. కాకపోతే ఈయన చేతిలో పూల బాణాలు లేవు, మౌసు ఉంది.

"మీ రిపోర్టు చూశాను," అన్నాడు వలరాజు, అప్పటికి తల తిప్పి. "మీకు పాయింట్ తొంభై ఏడు వచ్చింది."

"వచ్చింది."

"ఒకటి కంటే తక్కువ."

"అంకెలు నాకూ తెలుసు."

"అంటే కొండ ఇప్పటికే పడిపోయి ఉండాలి." కిటికీలోంచి చూపించాడు. వాన తెరల వెనక కొండ తాపీగా నిలబడి ఉంది. "పాపం, మీ రిపోర్టు దానికెవరూ చూపించలేదేమో."

వెనక బల్లల దగ్గర ఇద్దరు ముగ్గురికి ఒకేసారి దగ్గొచ్చింది.

"లేవండి," అంది ఆమె.

"ఏంటి?"

"కొండ తీసుకున్నారు. కుర్చీ అయినా ఇవ్వండి."

అతను లేచాడు. ఆమె కూర్చోలేదు. తడి గొడుగుని కుర్చీలో పెట్టి, తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

డైరెక్టరు చాలా మెత్తటి మనిషి. ఎటు నొక్కితే అటు వంగుతాడు. క్లయింటు చెయ్యి ఎప్పుడూ ఆయన మీదే ఉంటుంది.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఆ కొండ కిందే కదా మీ ఇల్లు. భయపడి లెక్క వేసిందని రేపు క్లయింటు అంటే నీకే కదా చెడ్డపేరు? అతనైతే ఊళ్ళోకే కొత్త. నిష్పక్షపాతంగా ఉంటాడు."

కొండ కింద బతికేవాళ్ళు కొండ గురించి మాట్లాడితే అది పక్షపాతం. కొండ మీద సొమ్ము పెట్టినవాడు మాట్లాడితే నిపుణుల అభిప్రాయం. ఈ తేడా తెలియకపోతే ఇలాంటి ఆఫీసుల్లో నెగ్గుకురావడం కష్టం.

కొండ మీద ఒక షాపింగ్ మాల్ ఉంది. క్లయింటు వాళ్ళే. పార్కింగ్ చాలక ఏటేటా అంచున మట్టి పోసి వెడల్పు చేస్తున్నారు. ఈసారి ఇంకో అంతస్తు వేస్తామంటున్నారు. కొండ పాదం దగ్గర మాల్ వాళ్ళ ప్రహరీ గోడ. గోడకి అవతల ఒక సన్నటి వీధి, వరసగా ఇళ్ళు. మొదటిల్లు ఆమెది. అందులో ఆమె, వాళ్ళ నాన్న. ఆయన రిటైరైన లిఫ్టు మెకానిక్. రిపోర్టు మీద సంతకం పడితే ఆయన నెత్తి మీదికి ఇంకో అంతస్తు బరువు వస్తుంది.

వారం తిరిగేసరికి వలరాజుకి ఒకటి పాయింట్ ముప్పై ఎనిమిది వచ్చింది. డైరెక్టరు అతని భుజం తట్టిన చప్పుడు ఆఫీసంతా వినిపించింది.

ఆమె పోట్లాటకి వెళ్ళలేదు. తన పాత లెక్క తెరిచి, మొదటి నుంచి మళ్ళీ చూసుకుంది. మధ్యాహ్నం దాకా చూసింది. తర్వాత లేచి అతని బల్ల దగ్గరికి వెళ్ళింది.

అతను తయారుగా ఉన్నాడు. ఆమె ఏమంటే ఏమనాలో నాలుగైదు సమాధానాలు నూరి పెట్టుకున్నాడు.

"ఆ రోజు మీరన్నది నిజం," అంది.

దానికి మాత్రం సమాధానం నూరుకోలేదు.

"ఏదండీ?"

"నీళ్ళు ఎక్కువ పోశాను. కొండ అడుగు నుంచి పైదాకా నిండా నానినట్టు గీశాను. నీటిమట్టం చూడ్డానికి కొండలో దింపిన గొట్టాల్లో నీళ్ళు అంత పైకి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు సరిచేశాను. ఒకటి పాయింట్ సున్నా ఎనిమిది."

"మరి అలా ఎందుకు గీశారు?"

"భయమేసింది. మా నాన్న అక్కడ పడుకుంటారు."

ఆ ఆఫీసులో తప్పులన్నీ ప్రింటరే చేస్తుంది. "నేను చేశాను" అన్న మనిషిని అక్కడ ఎవరూ చూసి ఉండరు. వలరాజు ఆమె ముఖం వంక చూశాడు. నుదుటి మీద చెదిరిన జుట్టు పడి ఉంది. అతని లోపల ఎక్కడో ఒక గడి కొంచెం పక్కకి జరిగింది. మెషీన్ అయితే వెంటనే ఎర్రరంగు చూపించేది. మనిషి కాబట్టి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అయినా మన మధ్య తేడా చాలా ఉందండీ," అన్నాడు గొంతు సవరించుకుని. "ఒకే కొండ, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. ఇంత రాకూడదు."

"రాకూడదు. నా తప్పు నేను వెతుక్కున్నాను. ఇక మీ వంతు."

"నా దాంట్లో తప్పుండదు. అంతా సాఫ్ట్‌వేరే..."

"పోనీ, ప్రింటర్ మీదికి తోసెయ్యండి."

అతను కాసేపు పెన్ను మూత తిప్పాడు. "సైటు చూడాలి."

"ఇంకా చూడలేదా?"

"ఫోటోలు చూశాను."

"వాన పడితే కూడా ఫోటోలోనే తడుస్తారా?"

సాయంత్రం ఇద్దరూ వెళ్ళారు. వాన తగ్గినట్టే తగ్గి, వాళ్ళు బస్సు దిగగానే అందుకుంది. గొడుగు ఒకటే. దానికి ఒక పుల్ల విరిగింది. విరిగిన వైపు అతను నడిచాడు. అది మర్యాద అని అతననుకున్నాడు. ఒక భుజం పూర్తిగా తడిపేసుకున్న మనిషిని చూసి పక్కింటి పిన్ని మాత్రం ఇంకోటి అనుకుంది.

"ఎవరే ఆ అబ్బాయి?" అంది కిటికీలోంచి.

"కొండ తాలూకు, పిన్నీ."

"కొండకి కూడా చుట్టాలొస్తున్నారా?"

గోడ దగ్గర ఆగారు. అతను బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీశాడు. ఆమె గొడుగు దాని మీద పట్టింది. మనుషులిద్దరూ తడుస్తున్నారు, మెషీన్ మాత్రం పొడిగా ఉంది. ఇంజనీర్ల ప్రేమకథల్లో ఇలాంటివి భరించాలి.

"మా ఇల్లు చూపించండి," అంది.

అతను బొమ్మని పక్కకి లాగాడు. మాల్ వచ్చింది, వాలు వచ్చింది, గోడ వచ్చింది. గోడ తర్వాత తెల్లగా ఉంది.

"మా ఇల్లేది?"

"ఇక్కడితో బౌండరీ అండీ. క్లయింటు ఇచ్చిన డ్రాయింగ్ గోడ దగ్గర ఆగిపోయింది. నేనూ..." అతని మాట నెమ్మదించింది. "నేనూ అక్కడే ఆపాను."

"బౌండరీ దగ్గర మట్టి కదులుతుందా?"

"పక్కకి కదలదు. అంచుని బిగించేస్తాం."

చెప్పాక తన మాట తనకే వినిపించినట్టుంది. ల్యాప్‌టాప్ వంకా, గోడ వంకా, మళ్ళీ ల్యాప్‌టాప్ వంకా చూశాడు.

"అంటే మీ కంప్యూటర్లో ఈ గోడకి మేకులు కొట్టారు," అంది ఆమె. "నా జారుడు గీత గోడ కిందనుంచి దూరి వచ్చి మా వరండాలో పైకి తేలుతుంది. మీ దాంట్లో అది తేలడానికి చోటే లేదు. కొండ నిలబడక ఏం చేస్తుంది?"

క్లయింటు స్థలం అక్కడితో అయిపోయింది కాబట్టి కొండ కూడా అక్కడితో అయిపోయింది. కొత్త పద్ధతి, ఖరీదైన సాఫ్ట్‌వేరు, ఎన్ని రంగులున్నా మట్టికి సర్వే నంబర్లు చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

"తప్పేనండీ," అన్నాడు.

"ప్రింటరు కూడా లేదిక్కడ," అంది. మొదటిసారి నవ్వింది. వాన ఇంకొంచెం పెరిగినా పర్వాలేదనిపించింది అతనికి.

ఇంట్లోంచి కర్ర మీద ఇనుము గీరుతున్న చప్పుడు వస్తోంది. వాళ్ళ నాన్న వీధి తలుపుకి చిత్రిక పడుతున్నాడు. గుమ్మం నిండా చెక్క పొట్టు.

"రండి బాబూ. తలుపు మాత్రం వెయ్యకండి. వేశారంటే మళ్ళీ తెరుచుకోదు."

"నాన్నా, ఈయనే ఒకటి పాయింట్ ముప్పై ఎనిమిది."

"ఓహో, నువ్వేనా?" ఆయన చిత్రిక ఆపలేదు. "ఇదుగో అబ్బాయ్, మా లిఫ్టు తాడుకి మోసే బరువు కంటే పది రెట్లు బలముంటే గాని మనిషిని ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. మీరేమో ఒకటి పాయింట్ ఏదో అని కాట్లాడుకుంటున్నారు. మా అమ్మాయి అంకే నమ్మను, నీదీ నమ్మను. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, ఆ కొండ కదల్లేదు. నేనూ కదలను."

"తలుపుకి ఏమైంది బాబాయ్?"

"వానకి చెక్క ఉబ్బుతుంది. ఏటా ఇంతే."

వలరాజు తలుపు దగ్గరికి వెళ్ళి వేలితో తడిమాడు. ఉబ్బిన తలుపు పొడుగునా ఉబ్బాలి. దీన్ని పైన ఒక మూలా, కింద ఎదురు మూలా మాత్రమే చెక్కారు. ఏళ్ళ తరబడి చెక్కారు. నిలువుగా ఉండాల్సిన గడి పక్కకి ఒరిగితే ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. వారం రోజులుగా స్క్రీన్ మీద అవే చూస్తున్నాడు. ఇప్పుడు చెక్కతో చేసినది ఒకటి ఎదురుగా నిలబడి ఉంది.

టేపు అడిగి తీసుకున్నాడు. ద్వారబంధాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచాడు. తర్వాత అడ్డంగా రెండో జత మూలలు కొలిచాడు. రెండూ సమానం కాలేదు.

"బాబాయ్, చెక్క ఉబ్బలేదు. ద్వారబంధమే ఒరిగింది."

"నా తలుపుకి నువ్వు వంకలు పెట్టకు."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"కొన్నేళ్ళుగా."

"అంతకుముందు వానలు పడలేదా?"

"ఎందుకు పడలేదు? పడ్డాయి. కాకపోతే అప్పటికింకా పైన మట్టి పోయలేదు క..."

ఆయన చేతిలో చిత్రిక ఆగింది. చేతిలో ఉన్న చెక్క పొట్టు వంక చూసి, కింద పారబొయ్యకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు వలరాజు తన కొండని గోడ దాటించాడు. వీధి, ఇళ్ళు, వాటి వెనక ఖాళీ స్థలం, అన్నీ లోపలికి తెచ్చాడు. కంప్యూటర్ రెండుసార్లు బిగుసుకుపోయింది. చివరికి అంకె వచ్చాక ఆమెను పిలిచాడు.

"ఒకటి పాయింట్ సున్నా ఆరు," అన్నాడు.

"నాకు సున్నా ఎనిమిది."

"దగ్గరికొచ్చాం."

"అంకెలా?"

"అంకెలే. ప్రస్తుతానికి."

ఆ అంకెలు పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళారు. ఆయన వలరాజు ఇచ్చిన పాత, కొత్త రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలా ఉదారంగా ఆలోచించాడు.

"ముప్పై ఎనిమిదీ, ఆరూ కలిపి సగం చేస్తే ఇరవై రెండు. కింద ఒక కాలువ తవ్వుతామని రాస్తే ముప్పై అయిపోతుంది. ఎవరికీ బాధ లేదు."

"మొదటిది తప్పు లెక్క సార్. తప్పునీ ఒప్పునీ కలిపి సగం చేస్తే సగం తప్పు మిగులుతుంది," అన్నాడు వలరాజు.

"అసలు పరాయివాళ్ళ స్థలం మన మోడల్లో ఎందుకయ్యా?"

"కొండ వాళ్ళ స్థలంలోకే వెళ్తోంది సార్."

"నువ్వు ప్రొబేషన్లో ఉన్నావు. గుర్తుందా?"

"ఉంది సార్."

"సంతకం?"

"పెట్టను సార్."

డైరెక్టరు ఆమె వైపు తిరిగాడు. "నన్ను అడక్కండి సార్, నాది పక్షపాతం," అంది ఆమె.

సంతకం పడకపోయేసరికి మాల్ మేనేజరే మీటింగుకి వచ్చాడు. మంచి ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద గడియారం. వలరాజు తెర మీద కొండని చూపించాడు. ఎర్రటి పట్టీ ఒకటి పార్కింగ్ అంచు నుంచి దిగి, గోడ కిందనుంచి పాకి, ఇళ్ళ వరండాల్లో తేలింది. మేనేజరు కాఫీ చప్పరించాడు.

"కుర్రాడు కొత్తవాడండీ, కొంచెం ఉత్సాహం," అన్నాడు డైరెక్టరు.

"రంగులదేముంది, ఎలా కావాలంటే అలా వేసుకోవచ్చు," అన్నాడు మేనేజరు. "నిజంగా కదులుతోందని సాక్ష్యమేది?"

మెట్ల మీద దబదబమని చప్పుడైంది. మీటింగు గది తలుపు తెరుచుకుంది. దానిలోంచి ఇంకో తలుపు లోపలికొచ్చింది.

తలుపు వెనకాల ఆమె నాన్న ఉన్నాడు. నాన్న వెనక పిన్ని, పిన్ని వెనక వీధి మొత్తం.

"లిఫ్టులో పట్టలేదు," అన్నాడాయన రొప్పుతూ. "పట్టినా ఎక్కించేవాణ్ణి కాదు. దాని చప్పుడు నాకు నచ్చలేదు."

తలుపుని తెచ్చి కాఫీ కప్పుల మధ్య బల్ల మీద పరిచాడు. ఒక కప్పు ఒరిగి డైరెక్టరు ఫైలు తడిసింది.

"ఏంటిది?" అన్నాడు మేనేజరు.

"రిపోర్టు."

ఆయన జేబులోంచి మూలమట్టం తీసి తలుపు మూలకి ఆనించాడు. వేలు దూరేంత సందు వచ్చింది. ఎదురు మూలకి ఆనించాడు. అక్కడా అంతే.

"మీరు ఏటా పైన మట్టి పోస్తున్నారు," అన్నాడు. "నేను ఏటా కింద తలుపు చెక్కుతున్నాను. చెక్కది తప్పనుకుని చెక్కాను. మా అమ్మాయి చెబితే వినలేదు. ఈ అబ్బాయి టేపు పెట్టి చూపించాడు."

"మా కిటికీదీ ఇదే గోల," అంది పిన్ని. "మొయ్యలేక ఫోటో తెచ్చా. ఇంకొన్నాళ్ళాగితే ఇల్లు దానంతటదే నడిచొచ్చేలా ఉంది."

తర్వాత అందరూ ఫోన్లతో ఆ తలుపుకి ఫోటోలు తీసుకుని నేల మీద కూర్చున్నారు. ఎవరూ కేకలు పెట్టలేదు. జవాబు చెబితే లేస్తామన్నారు. ఏసీ గదిలో నేల మీద కూర్చున్న వీధిని పైకి లేపే పద్ధతి ఏ సాఫ్ట్‌వేర్లోనూ ఇంకా రాలేదు.

మేనేజరు డైరెక్టరుని అడిగాడు. "దీని మీద సంతకం ఎవరు పెడతారు?"

డైరెక్టరు వలరాజు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఆఖరికి అలవాటుగా ప్రింటర్ వంక చూశాడు. ప్రింటర్ కూడా పెట్టేలా లేదు.

మేనేజరుకి మంచితనం పుట్టుకొచ్చిందని ఎవరూ అపోహ పడొద్దు. సంతకం లేకపోతే పర్మిషన్ రాదు. ఇంతమంది ఫోటోలు తీసుకున్నాక సంతకం పెట్టే వెర్రివాడు దొరకడు. అందుకని ఒప్పుకున్నాడు. పైన పోసిన మట్టి తీసేస్తారు. వాలులో నీళ్ళు పోవడానికి గొట్టాలు వేస్తారు. పాదం దగ్గర కదలకుండా రాళ్ళ గుట్ట పేరుస్తారు. ఇదంతా అయ్యేదాకా వీధివాళ్ళు మాల్ స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉంటారు. ఆమె దగ్గరుండి ఒక్కో మాటా కాగితం మీద పెట్టించింది.

పనులు సాగుతుండగానే వానలు ముదిరాయి. గట్టిగానే వచ్చాయి. కొండ పడలేదు.

"చూశావా?" అన్నాడు డైరెక్టరు వలరాజుతో. "పడలేదు. ఊరికే హడావుడి చేశారు."

పడకుండా చేయడమే వీళ్ళ పని. పడిన కొండకి మంత్రులొస్తారు, కెమెరాలొస్తాయి, దండలొస్తాయి. పడని కొండ కోసం ఒక్కడు చప్పట్లు కొట్టడు. వలరాజుకి మాత్రం ప్రొబేషన్ పొడిగించారు. నిజం చెప్పినవాడికి ఆ ఆఫీసులో ఇచ్చే బహుమతి అదే.

వీధి మళ్ళీ ఇళ్ళకి చేరిన రోజు సామాన్లు మొయ్యడానికి అతనూ వచ్చాడు. చివరి పెట్టె దించేసరికి జల్లు మొదలైంది. అదే గొడుగు, అదే విరిగిన పుల్ల. ఇద్దరూ గోడ దగ్గర నిలబడ్డారు.

"నాకోసమేనా సంతకం పెట్టలేదు?" అంది.

"కాదండీ. లెక్క కోసం."

"ఒక్కసారి అబద్ధం చెబితే ఏం పోయింది?"

"సరే. సగం మీకోసం."

"యావరేజ్ చేశారా?"

అతను నవ్వబోయి మానేశాడు. ఏదో చెప్పాలన్నట్టు గొడుగు పిడి మీద గోరుతో గీశాడు.

"వల ఎక్కడైనా సన్నగా వెయ్యొచ్చండీ. కానీ కంప్యూటర్ మొయ్యలేదు. అందుకని ముఖ్యమైన చోట మాత్రమే సన్నగా వేస్తాం."

"తెలుసు."

"లెక్కకి మీ వరండా దాకా సరిపోయేది. నేను మీ వంటింటి కిటికీ దాకా సన్నగా వేశాను. ఆ కిటికీ దగ్గర మీరు కూర్చుంటారని బాబాయ్ చెప్పారు. అందుకే రెండుసార్లు బిగుసుకుపోయింది."

"చూశాను."

"ఎప్పుడు?"

"మీటింగులోనే. లెక్కకి అక్కర్లేని చోట ఇంత సన్నటి వల ఎందుకా అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"ఎక్కడ తెగాలో కొండే చెబుతుందని, మనం కాచుకుని కూర్చోవాలని మీరేగా అన్నారు." ఆమె గొడుగుని అతని తడి భుజం వైపు జరిపింది. "కూర్చున్నాను. చాలా బలమైన కొండే. వానాకాలమంతా పట్టింది."

అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి దాచుకోలేదు. ఆమె చెయ్యి గొడుగు పిడి మీద ఉంది. అతని చెయ్యి దాని మీదికి వచ్చింది. ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పక్కింటి కిటికీలో పిన్ని తనలో తాను "కొండ తాలూకుట" అనుకుంది.

"ఏమర్రా," అని కేకేశాడు నాన్న గుమ్మంలోంచి. ద్వారబంధం కొత్తది. తలుపు పాతదే, చెక్కేసిన మూలలకి కొత్త చెక్క ముక్కలు అతికించాడు. "జల్లు లోపలికి కొడుతోంది. తలుపు వెయ్యాలి. మీరిద్దరూ లోపలుంటారా, బయటుంటారా?"

ఇద్దరూ లోపలికి నడిచారు. ఆయన తలుపు నెట్టాడు. చప్పుడు లేకుండా పడింది. వెంటనే మళ్ళీ లాగి చూశాడు. తెరుచుకుంది. మళ్ళీ వేశాడు.

కూతురి ముఖం వంకా, అతని ముఖం వంకా ఆయన ఒకసారి చూశాడు. టేపు అక్కర్లేకుండానే ఏదో కొలుచుకున్నాడు.

"రేపు కూడా రా బాబూ," అన్నాడు.

"ఎందుకు బాబాయ్? తలుపు బాగానే పడుతోందిగా."

"బాబాయ్ ఏంటి, ఇంకా? మావయ్య అను." ఆయన మళ్ళీ తలుపు తెరిచి చూసుకున్నాడు. "లిఫ్టు మెకానిక్కుని. ఏదీ ఒక్కరోజు చూసి నమ్మను. రోజూ వచ్చి వేసి చూపించు."